ఆలోచన ఒకరిది, పనితనం ఇంకొకరిది
సాఫ్ట్‌వేర్ వ్యాపారం పెట్టదలచిన మన పిల్లలకు సాంకేతిక భాగస్వామి ఎందుకు, ఎలా?



ప్రతి యేటా ఈ సంచికలో స్కాలర్‌షిప్‌లు, నోటుపుస్తకాలు, వైద్యసాయం వివరాలు మీరు చదువుతూనే ఉన్నారు. ఈ మధ్య మన ముందుకు ఒక కొత్తరకం విన్నపం వస్తోంది. డిగ్రీయో, బీటెక్కో పూర్తిచేసిన కుర్రవాడు వచ్చి, "యాప్ పెట్టాలనుకుంటున్నాను, పెద్దలు కాస్త సాయం చేయాలి" అంటున్నాడు. కుట్టుమిషన్ అడిగితే మనకు తెలుసు. తోపుడుబండి అడిగితే తెలుసు. మెకానిక్ షెడ్డుకు కంప్రెషర్ కావాలంటే దాని ధర జగ్గయ్యపేటలో వాకబు చేసి గంటలో చెప్పగలం. యాప్ దగ్గరికి వచ్చేసరికి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కొందరు "ఇవన్నీ హైదరాబాద్ వాళ్ల వ్యవహారాలు, మనకెందుకు" అని పంపేస్తున్నారు. కొందరు కుర్రవాడి ఉత్సాహం చూసి వెంటనే జేబులో చెయ్యి పెడుతున్నారు. ఈ రెండూ సరికావని మా అభిప్రాయం.

మేము ముప్పై ఏళ్లకు దగ్గరగా బడిలో పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లం. సాఫ్ట్‌వేర్ మా వృత్తి కాదు. అయితే మా దగ్గర చదివిన పిల్లలు ఆ రంగంలో చాలామంది ఉన్నారు. వాళ్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ విడమరిచి చెబుతున్నాం. విన్నపం పెట్టినవాడిని "ఎంత కావాలి?" అని అడిగేముందు "నీతో కలిసి దాన్ని తయారుచేసేది ఎవరు?" అని అడగాలి. దీనికి సరైన జవాబు దొరికితే మిగతా ప్రశ్నలు తేలికవుతాయి.

స్టార్టప్ అంటే ఏమిటి?

కొత్తగా కిరాణాకొట్టు పెడితే దాన్ని స్టార్టప్ అనరు. కిరాణాకొట్టు ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే. సరుకు ఎక్కడ తేవాలి, లాభం ఎంత వేసుకోవాలి, అరువు ఎవరికి ఇవ్వకూడదు, ఇవన్నీ అనుభవజ్ఞులు చెప్పగలరు. స్టార్టప్‌లో దారి ముందే తెలియదు. ఒక ఇబ్బందిని ఇంతవరకు ఎవరూ తీర్చని పద్ధతిలో తీర్చి, అది బాగుంటే త్వరగా పెద్దది చేయాలన్న ప్రయత్నమే స్టార్టప్. దారి తెలియదు కాబట్టి మొదట తయారుచేసిన వస్తువును పదిసార్లు మార్చవలసి వస్తుంది.

మన ప్రాంతపు మాటలో చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ ఇల్లు కట్టడం లాంటిది కాదు, మిర్చి తోట వేయడం లాంటిది. ఇల్లయితే మేస్త్రీకి ప్లాను ఇచ్చి, కట్టించుకుని, డబ్బు చెల్లించి పంపేస్తాం. మిర్చి తోటకు నారు పోసిన రోజు నుంచి చివరి కోత దాకా ఎవరో ఒకరు రోజూ చేలో తిరగాలి. ఆకుముడత వచ్చిందా, తామరపురుగు పడిందా, తడి ఎక్కువైందా చూడాలి. సాఫ్ట్‌వేరూ అంతే. వాడేవాళ్లు ఏదో ఒకటి కావాలంటారు, ఏదో ఒకటి పనిచేయడం లేదంటారు, ఫోన్లు మారతాయి, నిబంధనలు మారతాయి. ఆ తోటలో రోజూ తిరిగే రైతునే ఆ రంగంలో టెక్నికల్ కో-ఫౌండర్ అంటారు. మనం సాంకేతిక భాగస్వామి అనుకుందాం. అతను జీతానికి వచ్చినవాడు కాదు. వ్యాపారంలో వాటా ఉన్నవాడు, లాభనష్టాలకు సిద్ధపడ్డవాడు.

తయారుచేయించుకోవడానికి ఉన్న దారులు

ప్రోగ్రామింగ్ రాని కుర్రవాడికి ఒక మంచి ఆలోచన వచ్చిందనుకుందాం. అతని ముందు నాలుగు దారులుంటాయి.

మొదటిది, డబ్బిచ్చి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ చేత చేయించుకోవడం. ఏమి కావాలో పూర్తిగా తెలిసినప్పుడు ఇది మంచి దారే. ఒక బడికి హాజరు పట్టిక కావాలంటే ఇలా చేయించుకోవచ్చు. స్టార్టప్‌లో ఏమి కావాలో ముందు తెలియదు. ఒప్పందంలో రాసింది రాసినట్టు చేసి ఇచ్చి ఆ సంస్థ వెళ్లిపోతుంది. తర్వాత ప్రతి మార్పుకూ మళ్లీ డబ్బు కట్టాలి. మూడో మార్పు దగ్గరే డబ్బు అయిపోతుంది.

రెండవది, ఒక ఇంజనీరును జీతానికి పెట్టుకోవడం. అనుభవం ఉన్న ఇంజనీరు జీతం మన కుర్రవాడు భరించలేడు. అనుభవం లేనివాడిని పెట్టుకుంటే పని మంచిదో చెడ్డదో చెప్పగలవాళ్లు ఇద్దరిలో ఎవరూ ఉండరు.

మూడవది, తానే నేర్చుకోవడం. ఇదివరకటి కంటే ఇది ఇప్పుడు సులభమైంది. ప్రోగ్రాం రాయకుండానే చిన్న యాప్‌లు తయారుచేసే పరికరాలు, అడిగితే ప్రోగ్రాం రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చేశాయి. మొదటి నమూనా వరకు ఇవి చాలు. జనం డబ్బు, జనం వివరాలు అందులో పడ్డాక దాని మంచిచెడ్డలకు పూచీపడే మనిషి ఒకరు ఉండాలి. యంత్రం పూచీ పడదు.

నాలుగవది, సాంకేతిక భాగస్వామిని వెతుక్కోవడం. ఇది అన్నిటికన్నా నిదానమైనది, కష్టమైనది. నిలబడిన సాఫ్ట్‌వేర్ కంపెనీల కథలు చూస్తే మాత్రం చాలావాటికి మొదట్లోనే ఇలాంటి జోడీ కనిపిస్తుంది.

మన తెలుగువారి రెండు కథలు

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర రాత్రి పది తర్వాత నిలబడితే హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే ప్రైవేటు బస్సులు వరసగా కనబడతాయి. వాటిలో కూర్చున్నవాళ్లు చాలామంది టికెట్ ఫోన్‌లోనే తీసుకుని ఉంటారు. ఆ పద్ధతిని దేశంలో వ్యాప్తిలోకి తెచ్చిన రెడ్‌బస్‌ను పెట్టింది ఫణీంద్ర సామా, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు. ముగ్గురూ పిలానీలోని బిట్స్‌లో కలిసి చదివినవారు. ఫణీంద్రది నిజామాబాద్ జిల్లా. 2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరు రావాలని ఆయన ఏజెంట్ల చుట్టూ తిరిగినా టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఏజెంటుకూ తెలియదు, ప్రయాణికుడికీ తెలియదు. ఆ రాత్రి ఎక్కడో ఒక బస్సు ఖాళీ సీట్లతో వెళ్లే ఉంటుంది. ఈ ఇబ్బందిలోంచే 2006లో రెడ్‌బస్ పుట్టింది.

ఇందులో మనకు పనికివచ్చే సంగతులు మూడు. ఒకటి, ఆ ముగ్గురూ ఇంజనీర్లే అయినా ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాయడం వాళ్ల చేతిలో ఉన్న విద్య కాదు. ఉద్యోగాలు చేసుకుంటూనే పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నారు. రెండు, వాళ్లు మొదట అనుకున్న పని సాగలేదు. బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకుంటే వాళ్లు ఆసక్తి చూపలేదు. దాంతో తామే సీట్లు తీసుకుని కమీషన్ మీద టికెట్లు అమ్మే పద్ధతికి మారారు. బయటి సంస్థకు కాంట్రాక్టు ఇచ్చి చేయించుకుని ఉంటే ఆ మలుపు దగ్గరే కథ ముగిసిపోయేది. చేసేవాళ్లు తామే కాబట్టి మార్చుకోగలిగారు. మూడు, వాళ్లు పత్రికలో ప్రకటన ఇచ్చి ఒకరినొకరు వెతుక్కోలేదు. కళాశాల రోజుల నుంచి ఒకరి గుణం ఒకరికి తెలుసు. 2013లో ఇబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనుగోలు చేసింది. ఫణీంద్ర తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరుగా కూడా పనిచేశారు.

రెండవ కథ హైదరాబాద్‌ది. ఉద్యోగుల నియామకం, జీతం, సెలవుల వ్యవహారాలన్నీ చూసే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలకు అందించే డార్విన్‌బాక్స్ 2015లో మొదలైంది. దాన్ని తలపెట్టిన జయంత్ పాలేటి, చైతన్య పెద్ది, రోహిత్ చెన్నమనేని మేనేజ్‌మెంట్ చదివి కన్సల్టింగ్ కంపెనీల్లో పనిచేసినవారు. కంపెనీలకు ఏమి కావాలో వారికి బాగా తెలుసు. సాంకేతిక బాధ్యత మోయడానికి వినీత్ సింగ్ సహ వ్యవస్థాపకుడిగా వారితో కలిశారు. 2022 జనవరిలో ఆ కంపెనీ విలువ 100 కోట్ల డాలర్లు దాటింది. మనకు ఆ అంకె ముఖ్యం కాదు. ఇబ్బంది తెలిసినవారూ దాన్ని తీర్చే విద్య తెలిసినవారూ సమాన గౌరవంతో ఒకే కంపెనీలో కూర్చున్నారన్నది ముఖ్యం.

మంచి ఇంజనీరు మనవాడితో ఎందుకు కలవాలి?

ఇక్కడే మన పిల్లలు తడబడుతున్నారు. "ఆలోచన నాది, నువ్వు తయారుచెయ్, పది శాతం ఇస్తాను" అంటారు. ఇంజనీరు నవ్వి ఊరుకుంటాడు. అతని దగ్గరికి ఇలాంటి ఆలోచనలు నెలకు నాలుగు వస్తాయి. ఉద్యోగం వదిలితే ప్రతి నెలా ఒకటో తేదీన వచ్చే జీతం పోతుంది, ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి. అందుకు బదులు మనవాడు ఏమి తెస్తున్నాడు? ఆలోచన ఒక్కటే అయితే అది చాలదు.

మా పూర్వ విద్యార్థి ఒకరి సంగతి చెబుతాం. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చే లారీలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోకుండా, లోడు ఉన్నవాళ్లతో కలిపే యాప్ పెట్టాలన్నది అతని ఆలోచన. ఒక సంస్థ దానికి 8 లక్షలు అడిగింది. తండ్రి అరెకరం బేరం పెట్టడానికి సిద్ధపడి, సలహా కోసం మా దగ్గరికి వచ్చారు. "సార్, వీడి భవిష్యత్తు కదా, పొలం మళ్లీ కొనుక్కోవచ్చు" అన్నారు ఆయన. మేము ఆ కుర్రవాడికి ఒక్కమాటే చెప్పాం: "బాబూ, మూడు నెలలు యాప్ లేకుండా ఈ పని చేసి చూపించు. ఫోనూ, వాట్సాప్ గ్రూపూ, ఒక రిజిస్టరూ చాలు. అప్పటిదాకా పొలం మాట వద్దు."

అతను నందిగామ, కంచికచర్ల, కోదాడ తిరిగాడు. లారీ డ్రైవర్లతో టీకొట్ల దగ్గర కూర్చున్నాడు. రెండో నెలకు అతనికి తెలిసిందేమంటే, డ్రైవర్ల అసలు బాధ లోడు దొరక్కపోవడం కాదు, కిరాయి బాకీ చేతికి రావడానికి వారాలు పట్టడం. అంటే 8 లక్షలు పోసి చేయించే యాప్ అసలు బాధను ముట్టుకోకుండానే పోయేది. ఆ రిజిస్టరు పట్టుకుని అతను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న తన ఇంటర్ స్నేహితుడి దగ్గరికి వెళ్లాడు. స్నేహితుడు ఆలోచన విని కదలలేదు కానీ, రిజిస్టరులో పేర్లూ, తేదీలూ, కమీషన్ ఇచ్చిన లెక్కలూ చూసి కదిలాడు. శని, ఆదివారాలు కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. వ్యాపారం ఇప్పటికీ చిన్నదే. అరెకరం మాత్రం ఆ కుటుంబం పేరనే ఉంది.

కాబట్టి మనవాడు ఇంజనీరు ముందుకు తీసుకెళ్లవలసినవి ఇవి: ఆ ఇబ్బంది పడుతున్న మనుషులతో స్వయంగా మాట్లాడి రాసుకున్న వివరాలు, చేత్తోనైనా చేసి చూపిన చిన్న ప్రయోగం, "ఇది వస్తే నేను డబ్బిచ్చి వాడతాను" అని నోటిమాటగా కాకుండా అడ్వాన్సుగా చూపిన నలుగురైనా ఖాతాదారులు. ఇవి ఉన్నవాడి పక్కన నిలబడటానికి ఇంజనీరు ముందుకొస్తాడు.

ఎక్కడ వెతకాలి?

దగ్గర నుంచి దూరానికి వెతకాలి. ముందు తన తరగతి స్నేహితులు, హాస్టల్ గదిలో ఉన్నవారు, మొదటి ఉద్యోగంలో పక్కన కూర్చున్నవారు. వీరి కష్టకాలపు గుణం ముందే తెలిసి ఉంటుంది. తర్వాత కంచికచర్ల, విజయవాడ ఇంజనీరింగ్ కళాశాలలు, 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ. అక్కడ చివరి ఏడాది ప్రాజెక్టుకు అసలైన సమస్య కోసం వెతికే విద్యార్థులు ఉంటారు. కళాశాలలు నిర్వహించే హ్యాకథాన్‌లలో, అంటే ఒకటి రెండు రోజులు జట్టుగా కూర్చుని ఒక సమస్యకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే పోటీల్లో, ఎవరు ఎలా పనిచేస్తారో కళ్లారా చూడవచ్చు.

ఆపైన ఇంక్యుబేటర్లు. కొత్త కంపెనీలకు కూర్చునే చోటు, సలహా, పరిచయాలు ఇచ్చే కేంద్రాలివి. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ వారి కేంద్రం చాలాకాలంగా ఉంది. 2015లో టీ-హబ్, మహిళల కోసం 2018లో వీ-హబ్ వచ్చాయి. మన రాష్ట్రంలో 2025లో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. మన ఊరి నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి వచ్చే దూరమే అది.

ఇంకొకచోటు ఉంది, అక్కడ మనం వెతకడమే లేదు. మన ఇళ్లలోనే. మీ విరాళాలతో బీటెక్ కంప్యూటర్స్ చదివిన ఆడపిల్లలు ఉన్నారు. వారిలో కొందరు పెళ్లయ్యాక ఉద్యోగానికి దూరం వెళ్లడం కుదరక ఇంట్లోనే ఉంటున్నారు. వారి చదువు అలమారాలోని సర్టిఫికెట్టుగా మిగిలిపోతోంది. సాఫ్ట్‌వేర్ పని ఇంటి నుంచి చేయగలిగినది. అన్నదమ్ముడి ఆలోచనకు చెల్లెలు, భర్త వ్యాపారానికి భార్య సాంకేతిక భాగస్వామి ఎందుకు కాకూడదు? ఒక్క షరతు. సొంతమనిషే కదా అని వాటా రాయకుండా వదలకూడదు. పని చేసిన చేతికి కాగితం మీద హక్కు ఉండాలి.

కలిసేముందు పరీక్ష

పిల్లలకు సంబంధం చూసేటప్పుడు నాలుగు చోట్ల విచారిస్తాం, ఖాందాన్ అడుగుతాం, గుణం అడుగుతాం. వ్యాపారంలో భాగస్వామితో గడిపే గంటలు కొన్నాళ్లపాటు ఇంట్లోవాళ్లతో గడిపే గంటలకన్నా ఎక్కువ. అయినా మన పిల్లలు రెండు టీలు తాగి చేతులు కలిపేస్తున్నారు.

మా సలహా ఏమంటే, వాటా మాట ఎత్తకముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒక చిన్న పని కలిసి చేయాలి. "మాకు ప్రోగ్రామింగ్ రాదు కదా, అతని పని ఎలా బేరీజు వేస్తాం?" అని పిల్లలు అడుగుతారు. వంట రానివాడు కూడా అన్నం ఉడికిందో లేదో చెప్పగలడు. ప్రతి వారం చివర వాడి చూడగలిగిన వస్తువు ఏదైనా చూపిస్తున్నాడా? చేస్తున్నదేమిటో మామూలు తెలుగులో చెప్పగలుగుతున్నాడా? "ఇది నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనగలుగుతున్నాడా? చెప్పిన రోజుకు కాకపోతే, ఆలస్యమవుతుందని ముందే చెబుతున్నాడా? ఖాతాదారు కోపంగా ఫోన్ చేస్తే తానే మాట్లాడుతున్నాడా, తప్పించుకుంటున్నాడా? వీటికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఆ తర్వాత, రంగంలో పదేళ్లు పనిచేసిన మనవాళ్లలో ఒకరిని ఒక గంట కూర్చోబెట్టి ఆ పనిని చూపిస్తే లోపలి సంగతీ తెలిసిపోతుంది.

ఇదే పరీక్ష మనవాడికీ వర్తిస్తుంది. ఇంజనీరు రాత్రి రెండింటి దాకా కూర్చుని చేసినదాన్ని మనవాడు మర్నాడు పదిమంది దగ్గరికి తీసుకెళ్లాడా లేదా అని ఆ అబ్బాయి కూడా చూస్తుంటాడు.

వాటా, కాగితం

పెట్టుబడి ఒకరిది, శ్రమ ఇంకొకరిది అన్న భాగస్వామ్యం మనకు కొత్త కాదు. దీన్నే ఫిఖ్హ్ గ్రంథాలు ముదారబా అంటాయి. లాభం ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడిదారుడికి డబ్బు పోతుంది, శ్రమించినవాడికి శ్రమ పోతుంది. హజ్రత్ ఖదీజా (ర) తన సరుకును దైవప్రవక్త (స) చేతికి ఇచ్చి సిరియా వర్తకానికి పంపిన వృత్తాంతం మనందరికీ తెలిసినదే. శ్రమ కూడా పెట్టుబడేనన్న మాట మనం ఇంజనీరు విషయంలోనూ గుర్తుంచుకోవాలి.

వాటా ఎంత అన్నదానికి ఒకే లెక్క లేదు. ఇద్దరూ మొదటిరోజు నుంచి పూర్తికాలం పనిచేస్తే సమానంగానో, దాదాపు సమానంగానో ఉండటం మేలు. అంతకన్నా ముఖ్యం, ఆ వాటా ఒకేసారి చేతికి రాకూడదు. లోకంలో ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి నాలుగేళ్లది. ఉదాహరణకు భాగస్వామికి 40 శాతం ఒప్పుకున్నారనుకుందాం. మొదటి ఏడాది పూర్తికాకముందు వెళ్లిపోతే ఏమీ రాదు. ఏడాది నిండగానే 10 శాతం అతనిదవుతుంది. ఆపైన నెలనెలా కొంత చేరుతుంది. ఏడాదిన్నరకు వెళ్లిపోతే అతని వాటా 15 శాతం. నాలుగేళ్లు నిలిస్తే మొత్తం 40. ఈ నియమం ఆలోచన తెచ్చినవాడికీ వర్తించాలి. అప్పుడే అది న్యాయం.

ఏ చట్టం కింద పెట్టుకోవాలన్నదీ చూడాలి. మన ఊళ్లలో వాడుక 1932 నాటి భాగస్వామ్య చట్టం. దాని ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే లాభాలు సమానంగా పంచుకోవాలి. సంస్థ అప్పులకు భాగస్వాముల సొంత ఆస్తులూ పూచీ అవుతాయి. 1976లో ఆపిల్ కంపెనీ ముగ్గురి భాగస్వామ్యంగా మొదలైంది. స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్‌లతోపాటు పది శాతం వాటాతో చేరిన రోనాల్డ్ వేన్ పన్నెండు రోజులకే తప్పుకున్నాడు. తన వాటాను 800 డాలర్లకు వదులుకున్నాడు. అప్పు తీర్చలేకపోతే ముగ్గురిలో ఆస్తి ఉన్నది తనకే కాబట్టి తన మీదికే వస్తారన్నది ఆయన భయం. ఆ భయం లేకుండా, పూచీ పెట్టిన పెట్టుబడి వరకే ఉండేలా మన దేశంలో 2008 నాటి ఎల్ఎల్‌పీ చట్టం, 2013 నాటి కంపెనీల చట్టం ఉన్నాయి. బయటి పెట్టుబడి ఆశించే సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనువైనది. దానికి కనీసం ఇద్దరు సభ్యులు కావాలి. ఒక చార్టర్డ్ అకౌంటెంటును అడిగితే వివరాలన్నీ చెబుతారు.

కాగితం మీద రాయవలసినది ఇంకొకటి ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్రోగ్రాం కూడా రచనతో సమానమే. జీతం తీసుకునే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు సంస్థది. బయటి మనిషి చేత డబ్బిచ్చి రాయించుకుంటే, హక్కును రాతపూర్వకంగా మార్పించుకోనంతవరకు అది సాధారణంగా రాసినవాడిదే. డబ్బంతా ఇచ్చాం కదా, మనదే అనుకుంటే పొరపాటు. భాగస్వామి రాసిన ప్రోగ్రాం హక్కు కంపెనీకి చెందుతుందని మొదటి వారంలోనే రాసుకోవాలి. వెబ్‌సైటు పేరు, ప్లేస్టోర్ ఖాతా, సర్వర్, బ్యాంకు ఖాతా, అన్నీ కంపెనీ పేరనే ఉండాలి. ఒకరి సొంత ఈమెయిల్ మీద ఉంటే, మాట పట్టింపు వచ్చిన రోజు వ్యాపారం తాళం ఒకరి జేబులో చిక్కుకుంటుంది.

"మనవాళ్ల మధ్య కాగితాలెందుకు సార్?" అని పిల్లలు అంటుంటారు. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవాలి, సాక్షులను పెట్టుకోవాలి అని ఆదేశించే వాక్యం సూరె బఖరాలో ఉంది. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద వాక్యం అదే. రాసుకోవడం అనుమానానికి గుర్తు కాదు. స్నేహాన్ని కాపాడుకోవడానికి రాసుకుంటాం.

దాతలుగా మనం చేయగలిగినది

ఇలాంటి విన్నపం వచ్చినప్పుడు అయిదు ప్రశ్నలు అడుగుదాం. ఈ ఇబ్బంది ఎవరిది, వాళ్లలో ఎంతమందితో నువ్వు స్వయంగా మాట్లాడావు? యాప్ లేకుండా దీన్ని చేసి చూశావా? నీతో కలిసి తయారుచేసేది ఎవరు, మీరిద్దరూ ఇంతకుముందు కలిసి ఏమి చేశారు? మీ మధ్య రాసుకున్న కాగితం ఏది? ఇది సాగకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది?

చివరి ప్రశ్నను మొహమాటపడి వదలకూడదు. స్టార్టప్‌లలో మూతపడేవే ఎక్కువ. అది ఆ పిల్లల తప్పు కానక్కర్లేదు, ఆ దారి స్వభావమే అంత. అందుకే పొలం, ఇల్లు, ఇంట్లోని బంగారం ఇందులో పెట్టకూడదని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలి. డిగ్రీ మధ్యలో ఆపేసి దిగడాన్ని ఉపాధ్యాయులుగా మేము ఎన్నడూ ఒప్పుకోము.

సాయం చేయదలచినవారు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా విడతలుగా ఇవ్వండి. మూడు నెలల ప్రయోగానికి తిరుగుడు ఖర్చు, తర్వాత కావాలంటే ఒక కంప్యూటరు, కంపెనీ నమోదు ఖర్చు, ఆపైన ఇద్దరి ఆరు నెలల బతుకు ఖర్చు. యాప్ కాంట్రాక్టుకు మాత్రం లక్షలు ఇవ్వకండి. ఖర్జె హసనాగా ఇస్తే ఆ సంగతి, గడువు రాసుకోండి. వాటా కోసం ఇస్తే అదీ రాసుకోండి. సాయమా, అప్పా, వాటానా అన్నది తేలకుండా ఇచ్చిన డబ్బే తర్వాత మనస్పర్థలకు కారణం. జకాత్ సొమ్ము ఇలాంటి పనికి వాడవచ్చా అన్నది ఉలమాలను అడిగి నిర్ణయించవలసిన విషయం, మేము చెప్పదగినది కాదు.

ప్రభుత్వ సాయమూ ఉంది. 2016లో మొదలైన స్టార్టప్ ఇండియా కార్యక్రమంలో భాగంగా 2021లో సీడ్ ఫండ్ పథకం వచ్చింది. దాని నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన, పెట్టి రెండేళ్లు దాటని కంపెనీ ఇంక్యుబేటరు ద్వారా దరఖాస్తు చేస్తే, ఆలోచనను నిరూపించుకోవడానికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు పొందే వీలుండేది. మన చిన్న సాయం అలాంటి గుమ్మం దాకా నడిపిస్తే చాలు.

డబ్బు ఖర్చులేని పని ఒకటి సొసైటీకి ప్రతిపాదిస్తున్నాం. మన స్కాలర్‌షిప్‌తో చదివిన పిల్లల పేర్లు రికార్డుల్లో ఎలాగూ ఉన్నాయి. వారిలో ఎవరు ఏ పని నేర్చారు, ఇప్పుడెక్కడున్నారు, వారానికి రెండు గంటలు ఇవ్వగలరా అన్నది వారిని అడిగి, వారి సమ్మతితో ఒక పట్టిక తయారుచేద్దాం. హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్ దేశాల్లో ఉన్నవారినీ అందులో చేరుద్దాం. ఏడాదికి రెండుసార్లు, సెలవులకు అందరూ ఊరికి వచ్చినప్పుడు, ఆలోచన ఉన్న పిల్లల్నీ విద్య ఉన్న పిల్లల్నీ ఒక మధ్యాహ్నం ఒకచోట కూర్చోబెడదాం. హాలు, టీ, నాలుగు కుర్చీలు చాలు. ఎవరు ఎవరితో కలవాలో మనం నిర్ణయించనక్కర్లేదు. వాళ్లు ఒకరినొకరు చూసుకునే చోటు ఇస్తే చాలు.

ఆసక్తి ఉన్న దాతలు, పట్టిక తయారీకి సమయం ఇవ్వగల యువతీయువకులు సొసైటీ కార్యాలయంలో తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. వచ్చే రంజాన్ లోపు పట్టిక సిద్ధమైతే, ఈద్ సెలవుల్లోనే మొదటి సమావేశం జరుపుకోవచ్చు, ఇన్‌షా అల్లాహ్.